దైవమా, పురుషకారమా? : ఒక అంతర్యుద్ధ చరిత్ర

సంఘమున నొక మార్పు రావలెనని కోరువారికి తఱచుగా లభించు సమాధాన మొకటి గలదు. "తొందర యెందుకు? కాలమే యన్నిటిని చక్కబఱచును" అని పెద్దలు చెప్పుదురు. ఈ మాట వినుటకు శాంతముగా నుండును. చెప్పువారికి శ్రమ లేదు. వినువారికి నిరాశయు లేదు. కాని చరిత్ర యీ మాటకు సాక్ష్య మిచ్చుచున్నదా యని విచారించువారు తక్కువ. ఒక గొప్ప దురాచారము కాలగతిచే దానంతట నదియే నశించెనా? లేక నశింపజేసినవా రుండిరా? వారు ప్రయత్నింపకున్న నది మఱి యెంతకాలము నిలిచి యుండెడిది? ఈ ప్రశ్నలకు విస్తారమైన యాధారములతో నుత్తరము చెప్పు గ్రంథ మొకటి గలదు. మన గృహములలోని స్త్రీలును పురుషులును దానిని చదువదగునని మా యభిప్రాయము. అయినను దానియందు మాకు గనుపించిన కొఱతలను గూడ దాపక చెప్పుట విమర్శధర్మము.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమును గూర్చి జేమ్సు మెక్‌ఫర్సను అను చరిత్రకారుడు వ్రాసి 1988లో ప్రకటించిన 'బ్యాటిల్ క్రై ఆఫ్ ఫ్రీడమ్' అనునదియే యా గ్రంథము. 'స్వాతంత్ర్య రణఘోష' యని దాని పేరును మనము తెలిగించుకొనవచ్చును. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించుచున్న అమెరికా చరిత్ర గ్రంథమాలలో నిది యొక సంపుటము. దీనికి 1989లో చరిత్రశాఖయందు పులిట్జరు బహుమానము లభించెను. ఇంతకు ముందు ఈ యుద్ధమును గూర్చి అలన్ నెవిన్సు ఎనిమిది సంపుటములును, షెల్బీ ఫుట్ మూడు పెద్ద సంపుటములును వ్రాసి యుండిరి. అట్టి విషయమును మెక్‌ఫర్సను దాదాపు తొమ్మిదివందల పుటల యొక్క సంపుటమున నిమిడ్చెను. పండితులు మెచ్చుకొనిరి, సామాన్యులును కొని చదివిరి. ఈ రెండును నొక గ్రంథమునకు గలిసి వచ్చుట యరుదు.

గ్రంథకర్త ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండినవాడు. 1960 ప్రాంతమున బాల్టిమోరు నగరములో విద్యార్థిగా నున్నప్పుడు నల్లవారి పౌరహక్కుల యుద్యమమును కన్నులార చూచినవాడు. 1964లో వెలువడిన యాతని మొదటి గ్రంథము బానిసత్వ నిర్మూలనమునకై పాటుపడిన సంస్కర్తలను గూర్చినది. యుద్ధచరిత్రలు వ్రాయువారిలో పెక్కండ్రు సేనానుల జీవితములనుండి బయలుదేరుదురు. ఈతడు సంస్కర్తల చరిత్రనుండి బయలుదేరి యుద్ధభూమిని చేరెను. ఈ సంగతి గ్రంథమున కంతటికిని మూలకందమువంటిది.

పేరును గూర్చి యొక మాట. అది యుద్ధకాలమున జార్జి రూట్ అనునాతడు రచించిన యొక పాట పేరు. ఉత్తర సైనికులు దానిని పాడుకొనిరి. మాటలు మార్చి దక్షిణ సైనికులును పాడుకొనిరి. ఇరుపక్షములవారును తాము స్వాతంత్ర్యము కొఱకే పోరాడుచున్నామని నమ్మిరి. ఒకరి స్వాతంత్ర్యము మానవుడు మానవుని సొత్తు గాకుండుట. రెండవవారి స్వాతంత్ర్యము తమ సొత్తును, అనగా తమ బానిసలను, ఎవరును ముట్టకుండుట. ఒకే శబ్ద మిట్లు రెండు విరుద్ధార్థములకు ధ్వజమగుట మనకు గ్రొత్త గాదు. 'ధర్మ' మను శబ్దమును సంస్కర్తయు, సంస్కరణమునకు విరోధియు నొకే యుత్సాహముతో నుచ్చరించుట మన మెఱుగుదుము.

గ్రంథము యుద్ధముతో నారంభము గాదు. 1847లో అమెరికా సేన మెక్సికో రాజధానిని పట్టుకొనుటతో నారంభమగును. ఆ విజయము వలన లభించిన విశాలభూములలో బానిసత్వ ముండవలెనా కూడదా యను వివాదమే క్రమముగా దేశమును రెండుగా చీల్చెను. భారతమున ఉద్యోగపర్వము వలె, మొదటి ఫిరంగి మ్రోగుటకు ముందు జరిగిన రాయబారములు, రాజీలు, కోపతాపములు ఇందు గ్రంథమున మూడవవంతుకు దగ్గఱగా నాక్రమించుచున్నవి. ఇది దోషము గాదు, గుణము. కారణము తెలియని యుద్ధము చదువరికి రక్తపాతముగా మాత్రమే కనబడును.

ఆ కారణ మేది? యుద్ధానంతరము దక్షిణమున నొక వాదము పుట్టి చాలకాలము పాఠ్యపుస్తకములను గూడ నాక్రమించెను. యుద్ధము బానిసత్వము కొఱకు గాదనియు, ఆయా రాష్ట్రముల హక్కుల కొఱకే యనియు నా వాదము. మెక్‌ఫర్సను దీనిని కేకలతో ఖండింపడు. సంగతులను వరుసగా నుంచును. 1850లో పాఱిపోయిన బానిసలను పట్టి యొప్పగించుటకు కేంద్రప్రభుత్వముచే కఠినమైన శాసనము చేయించినవారు దక్షిణాదివారే. అప్పుడు తమ రాష్ట్రహక్కులను చెప్పుకొని యెదిరించినవి ఉత్తర రాష్ట్రములు. దక్షిణమునకు రాష్ట్రహక్కు సిద్ధాంతము గాదు, సాధనము. బానిసత్వమునకు తోడ్పడినప్పుడు కేంద్రబలమును, తోడ్పడనప్పుడు రాష్ట్రబలమును వారు కోరిరి. 1789 మొదలు 1861 వఱకు గడచిన డెబ్బదిరెండేండ్లలో నలుబదితొమ్మిదేండ్లు బానిసల యజమానులైన దక్షిణాదివారే అధ్యక్షపీఠము నలంకరించి యుండిరని గ్రంథకర్త లెక్క చెప్పుచున్నాడు. అధికారము తమ చేయి జాఱుచున్నదన్న భయమే 1860 నవంబరులో లింకను ఎన్నికైనంతనే వారిని విడిపోవుటకు ప్రేరేపించెను. డిసెంబరు 20న దక్షిణ కెరొలినా విడిపోయెను. 1861 మార్చిలో లింకను పదవి స్వీకరించునప్పటికి ఏడు రాష్ట్రములు, తుదకు పదునొకండు రాష్ట్రములు విడిపోయి వేఱు కూటమిగా నేర్పడెను. ఇంకను రాని విప్లవమును ముందుగానే యడ్డగించుటకు జరిగిన ప్రతివిప్లవమని గ్రంథకర్త దీనిని వర్ణించుట మిక్కిలి సముచితముగా నున్నది.

గృహస్థులైన చదువరుల నాకర్షింపదగిన భాగము మొదటి యధ్యాయము. ఉత్తర రాష్ట్రములలో పరిశ్రమలు పెరిగిన కొలది పని యింటినుండి వేఱుపడి కర్మాగారమునకు బోయెననియు, ఇల్లు బిడ్డల పెంపకమునకును విద్యకును స్థానమయ్యెననియు, అచ్చటి స్త్రీలు చదువు నేర్చి సంఘవిషయములలో ప్రవేశించిరనియు గ్రంథకర్త చూపుచున్నాడు. ఇట్టి గృహములలోని స్త్రీలకు బానిసత్వము రాజకీయ ప్రశ్నగా గాక కుటుంబ ప్రశ్నగా గనుపించెను. బానిసల వివాహమునకు శాసనబలము లేదు. యజమాని యప్పులలో మునిగినచో తల్లి యొక చోటికి, బిడ్డ యొక చోటికి అమ్మబడవచ్చును. 1852లో హారియెట్ బీచర్ స్టోవ్ అను గృహిణి ప్రకటించిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అను నవల ఈ వేదననే చిత్రించి యొక్క యేడాదిలో ఆ దేశముననే మూడు లక్షల ప్రతు లమ్ముడుపోయెను. సంస్కరణ సభామందిరములనుండియే పుట్టదు. పిల్లవానిని నిద్రపుచ్చుచు చదివెడి పుస్తకమునుండియు పుట్టునని యీ భాగము మనకు తెలుపుచున్నది.

ఇక గ్రంథముయొక్క ముఖ్యసిద్ధాంతమునకు వత్తము. ఉత్తరమునకు జనబలము, ధనబలము, రైలుమార్గములు, కర్మాగారములు హెచ్చుగా నుండెను గనుక దాని గెలుపు ముందే నిర్ణయమైనదని పెక్కండ్రు చెప్పుదురు. కాదు, దక్షిణమున నంతఃకలహములుండెను గనుక దాని యోటమి తప్పనిదని మఱికొందఱు చెప్పుదురు. ఫలితము తెలిసిన పిమ్మట కారణములు వెదకువారి కన్నియు ననివార్యములుగానే తోచునని మెక్‌ఫర్సను సమాధానము. ఆయన మతమున నీ యుద్ధము నాలుగు మాఱులు రెండు దారులు కలిసిన చోట నిలిచెను: 1862 వేసవిలో దక్షిణసేనలు విజృంభించినప్పుడు, ఆ శరత్కాలమున అంటీటము, పెరివిల్ యుద్ధములలో వారి దండయాత్ర నిలిచినప్పుడు, 1863లో గెట్టిస్‌బర్గు, విక్స్‌బర్గు, చట్టనూగా విజయములప్పుడు, 1864 వేసవిలో ఉత్తరప్రజలు విసిగి యుద్ధమును మానుకొనబోయినప్పుడు. ప్రతి మాఱును కథ వేఱు విధముగా నడచుట కవకాశ ముండెను. విషయముల వారీగా గాక కాలక్రమమున కథగా వ్రాయుటకు నిదియే కారణమని ఆయన పీఠికలో తెలిపెను. ఇది యలంకారము కొఱకు తీసికొన్న మార్గము గాదు. ముందేమి జరుగునో యెఱుగని మనుష్యుల నడుమ చదువరిని నిలుపుటకు వేఱు మార్గము లేదు.

మన భాషలో చెప్పవలెనన్న నిది దైవ పురుషకారముల వివాదము. ఒక యుదాహరణమును చూడుడు. 1862 జూలై 22న లింకను తన మంత్రులకు బానిసవిమోచన ప్రకటనముయొక్క చిత్తుప్రతిని చదివి వినిపించెను. సేనలు ఓడుచున్న సమయమున దానిని ప్రకటించినచో దిక్కులేని ప్రభుత్వపు మొఱగా గనుపించునని, గెలుపు వచ్చువఱకు ఆగవలెనని సీవర్డు అను మంత్రి సలహా చెప్పెను. కాగితము బల్ల సొరుగులోనికి బోయెను. సెప్టెంబరు 13న మేరీలాండులోని యొక పొలమున ఉత్తర సైనికులకు మూడు చుట్టలు చుట్టిన కాగిత మొకటి దొరకెను. అది దక్షిణ సేనాపతి లీ తన సేనాభాగములకు వ్రాసిన రహస్యాజ్ఞ! ఇట్టి యదృష్టము దొరకినను ఉత్తర సేనాని మెక్లెలను తడవు చేసెను. 17వ తేదీని అంటీటము వాగు ప్రక్కను జరిగిన పోరాటమున నొక్క దినముననే ఇరుపక్షముల హతులు, క్షతగాత్రులు, కనబడకపోయినవారు కలిసి దాదాపు 23,000 మంది. లీ వెనుకకు మరలెను. అయిదు దినముల పిమ్మట సొరుగులోని కాగితము లోకమునకు వెల్లడియయ్యెను. 1863 జనవరి 1న అమలులోనికి వచ్చెను.

చుట్టలకు చుట్టిన కాగితము దొరకుట దైవము. కాని సొరుగులో ప్రకటనము సిద్ధముగా లేకున్న నా దైవము దేనికి నుపయోగపడెడిది? అంటీటము మఱియొక రక్తపు మడుగుగా మాత్రమే మిగిలెడిది. అవకాశము వచ్చుట మన చేతిలో లేదు. వచ్చునప్పటికి సిద్ధముగా నుండుట మన చేతిలో నున్నది. ఈ గ్రంథమునుండి సంస్కరణాభిలాషులు గ్రహింపదగిన మొదటి పాఠ మిదియే.

1864వ సంవత్సరపు కథ యింతకంటె విస్మయము గొలుపును. మే నెల మొదలు కొన్ని వారములలో ఉత్తరపక్షమున దాదాపు 65,000 మంది చనిపోవుటయో, గాయపడుటయో, కనబడకపోవుటయో సంభవించెను. ప్రజలు నిస్పృహ చెందిరి. తాను మఱల నెన్నిక గాననియే లింకను నిశ్చయించుకొని, ఆగస్టు 23న నా సంగతి నొక కాగితముపై వ్రాసి మడిచి, మంత్రులచే చదువకుండగనే సంతకములు చేయించెను. ఎదిరిపక్షమువారు యుద్ధమును వెంటనే నిలుపవలెనని తీర్మానించి యుండిరి. సెప్టెంబరు 2న అట్లాంటా నగరము షెర్మను సేనలకు లోబడెను. గాలి మాఱెను. నవంబరులో లింకను నూటికి 55 ఓట్లతో గెలిచెను. ఆ రెండు నెలలలో అట్లాంటా లోబడకున్న బానిసత్వ మేమయ్యెడిదో యూహింపుడు.

శాసనసభలో జరిగినదియు నిట్టిదే. 1861లో, యుద్ధమునకు ముందు, విడిపోయిన రాష్ట్రములను బుజ్జగించుటకై కాంగ్రెసు ఒక రాజ్యాంగ సవరణను ఆమోదించెను. రాష్ట్రములలోని బానిసత్వమును కేంద్రప్రభుత్వ మెన్నడును ముట్టరాదని దాని సారాంశము. రాష్ట్రములు దానిని స్థిరపఱచి యుండినచో అదియే పదమూడవ సవరణ యయ్యెడిది. అట్లు జరుగలేదు. నాలుగేండ్లకు వచ్చిన పదమూడవ సవరణ బానిసత్వమును దేశమంతట రద్దుచేసెను. అదియైనను ప్రతినిధిసభలో 1864 జూనున ఓడి, 1865 జనవరి 31న 119 ఓట్లకు 56 ఓట్లు వ్యతిరేకముగా నుండగా, కావలసిన మూడింట రెండు వంతులకు రెండే యోట్లు హెచ్చుగా పొంది గెలిచెను. ఒకే సంఖ్య గల సవరణ దాస్యమునకు శాశ్వతరక్షయు గాగలిగెడిది, శాశ్వతనాశమును గాగలిగినది. "కాలమే చక్కబఱచును" అనువారికి ఈ రెండు సవరణల కథను చెప్పిన చాలును. కాలము రెంటికిని సమానముగా సిద్ధముగా నుండెను.

ఇంతవఱకు గ్రంథముయొక్క బలము. ఇక కొఱతలు.

ఇందు మొదటిది పుటల పంపకమునకు సంబంధించినది. సొరుగులో ప్రకటనము సిద్ధముగా నుండుట లింకను పురుషకారమని చెప్పితిమి. కాని లింకనుచే దానిని వ్రాయించిన పురుషకార మెవరిది? 1861 మే నెలలో వర్జీనియాలోని మన్రో కోటకు ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవపై పాఱివచ్చిరి. సేనాని బట్లరు వారిని యజమాని కప్పగింపక, శత్రువుయొక్క యుద్ధసామగ్రి యను నెపమున నిలుపుకొనెను. వారి వెనుక పదులుగా, వందలుగా, వేలుగా స్త్రీలు పిల్లలతో వచ్చిరి. ప్రభుత్వము వీరి నేమి చేయవలెనో నిర్ణయింపక తప్పినది గాదు. ఒకదాని వెనుక నొకటి శాసనములు పుట్టెను. తరువాత దాదాపు 1,80,000 మంది నల్లవారు ఉత్తరసేనలో చేరిరి. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, వీరికి 10 డాలర్లు. అందు 3 డాలర్లు బట్టలకు కోత. మసాచుసెట్సు 54వ పటాలమువా రట్టి తక్కువ జీతమును తీసికొనుటకే నిరాకరించి, జీతము లేకయే 1863 జూలైలో వాగ్నరు కోటపై నడచి ప్రాణములు విడిచిరి. 1864లో గాని జీతములు సమానము గాలేదు.

ఈ సంగతు లన్నియు గ్రంథమున నున్నవి. గ్రంథకర్త వీనిని దాచలేదు. అయినను పాఱిపోయి వచ్చినవారు గుంపులుగా వచ్చి గుంపులుగా పోవుచున్నారు. సేనానులు మాత్రము ముఖములతో, కంఠస్వరములతో, తలనొప్పులతో సహా మన యెదుట నిలుచుచున్నారు. నలుబది లక్షలకు దగ్గఱగా నుండిన బానిసజనము విషయమై జరిగిన యుద్ధమున, ఆ జనముయొక్క యాలోచనలు, ఆశలు, మంతనములు మనకు దూరమునుండి మాత్రమే వినబడుచున్నవి. బానిసలను విముక్తులను జేసిన వా రెవరను ప్రశ్నకు లింకనే ముఖ్యుడని మెక్‌ఫర్సను తరువాతి వ్యాసమొకదానిలో వాదించెను. ఆ వాదమున సత్యము లేకపోలేదు. సేనలు గెలువకున్న పాఱిపోయినవారు మఱల పట్టుబడెడివారే. కాని ఫలితము మనుష్యప్రయత్నముచే నిర్ణయింపబడునని చెప్పు గ్రంథము, ప్రాణములకు తెగించి రాత్రివేళ పడవ నెక్కిన వాని ప్రయత్నమునకు హెచ్చు చోటు నీయవలసి యుండెను. ఉద్ధరింపబడువారు కూడ తమ యుద్ధారమునకు కర్తలేయని మఱచుట సంస్కర్తలకు సహజమైన దోషము. సంస్కర్తల చరిత్రకారుడును దానిని పూర్తిగా తప్పించుకొనలేదు.

రెండవ కొఱతను చెప్పుటకు మఱల భారతమును తలచుకొందము. యుద్ధపర్వములు ముగిసిన వెంటనే మన కవులు చదువరిని ఊరక యింటికి పంపలేదు, స్త్రీపర్వమును చదువుమనిరి. ఈ గ్రంథమున స్త్రీపర్వము లేదు. స్త్రీలు లేరని మా యభిప్రాయము గాదు. క్షతగాత్రులకు శుశ్రూష చేసిన క్లారా బార్టను, డొరోతియా డిక్సు మొదలగువారి సేవయు, ఊరూర ధనము, వస్త్రములు, మందులు సమకూర్చిన స్త్రీసంఘముల కృషియు నిందు వర్ణింపబడినవి. 1863 ఏప్రిలులో దక్షిణ రాజధాని రిచ్‌మండున ఆకలిచే స్త్రీలు రొట్టెల యంగళ్లపై బడి దోచుకొనగా, అధ్యక్షుడు జెఫర్సను డేవిసు స్వయముగా వీథిలోనికి వచ్చి తుపాకుల బెదిరింపుతో వారిని చెదరగొట్టిన వృత్తాంతమును గలదు. ఇరువది మంది బానిసలు గల తోట కొక్కొక్క తెల్లవానికి సైన్యమునుండి మినహాయింపు నిచ్చిన శాసనము పేదల యిండ్లలో నెంతటి కోపము రేపినదో గ్రంథకర్త చెప్పెను. ఉత్తరమున 300 డాలర్లు చెల్లించి నిర్బంధసైన్యమును తప్పించుకొను వీలుండుటయు, 1863 జూలైలో న్యూయార్కున పేదలు ఆ కసిని నిర్దోషులైన నల్లవారిపై తీర్చుకొనుటయు నాయన దాచలేదు.

అయినను, యుద్ధమున 6,20,000 మంది సిపాయీలు చనిపోయిరని గ్రంథము చెప్పునప్పుడు, అందు యుద్ధభూమికంటె రోగములచే చనిపోయినవారే రెట్టింపని తెలుపునప్పుడు, ఆ సంఖ్య వెనుక నున్న యిండ్ల తలుపులు మనకు తెఱువబడవు. 2011లో డేవిడ్ హ్యాకరను చరిత్రకారుడు జనాభా లెక్కలనుబట్టి మృతుల సంఖ్య 7,50,000 ప్రాంతమున నుండునని నిర్ణయించెను. పాతలెక్కకును క్రొత్తలెక్కకును నడుమ నున్న లక్షకు పైగా మనుష్యులు, ఎవరి పట్టికలోను చేరక, ఎదురుచూచు తల్లులకు వార్తయైన రాక మాసిపోయినవారు. 2008లో డ్రూ గిల్పిన్ ఫౌస్టు అను చరిత్రకారిణి ఈ మరణములను, శోకమును గూర్చియే వేఱుగా నొక గ్రంథము వ్రాయవలసి వచ్చెను. అదియే యీ కొఱతకు సాక్ష్యము.

విదేశముల ప్రసక్తి వచ్చు నధ్యాయములు చక్కగా నున్నవి. తమ ప్రత్తి లేనిదే ఇంగ్లండు బ్రదుకజాలదనియు, కావున తమ్ము గుర్తింపక తప్పదనియు దక్షిణాదివారు నమ్మి మోసపోయిరి. లాంకషైరు మిల్లులు మూతపడి కార్మికులు పస్తులుండిరి. ఇంగ్లండు మాత్రము ఈజిప్టునుండి, హిందూదేశమునుండి ప్రత్తిని తెప్పించుకొనెను. ఇచ్చట మన కథ యొక చిన్నపాయగా వచ్చి కలియుచున్నది. ఆ కాలముననే కాకినాడ రేవు ప్రత్తి యెగుమతికి ప్రసిద్ధికెక్కెను. యుద్ధము ముగిసి అమెరికా ప్రత్తి మఱల బజారునకు వచ్చినంతనే ధరలు పడిపోయెను. ధరలను నమ్మి యప్పు చేసిన రైతులకు బాధ మిగిలెను. ఒక దేశపు చరిత్ర వ్రాయువానిని లోకమంతటి కథ చెప్పుమనుట న్యాయము గాదు. అయినను తెలుగు చదువరి ఈ పుటలు చదువునప్పుడు తన తాతముత్తాతల పొలములును ఆ ఫిరంగిధ్వనులకు దూరముగా లేవని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ప్రత్తితో పాటు భావములును సముద్రము దాటెను. జోతీరావు ఫూలే 1873లో మరాఠీభాషలో ప్రకటించిన 'గులామ్‌గిరి' యను గ్రంథమును, బానిసత్వమును రూపుమాపుటకు త్యాగములు చేసిన అమెరికా ప్రజలకు అంకితము చేసెను. తన దేశమున శూద్రాతిశూద్రుల దాస్యవిమోచనమునకు వారి దృష్టాంతము దారి చూపవలెనని ఆయన యాశ. అప్పటికి యుద్ధము ముగిసి ఎనిమిదేండ్లు. అమెరికాలో విముక్తులైనవారు ఓట్లు వేయుచుండిరి, శాసనసభలలో కూర్చుండుచుండిరి. నాలుగేండ్లు గడువగనే కేంద్రసేనలు దక్షిణమున రక్షణకార్యమునుండి తొలగింపబడెను. తరువాత నా హక్కు లొక్కటొకటిగా హరింపబడినవి.

దీనితో మూడవదియు ముఖ్యమైనదియు నగు కొఱతకు వచ్చితిమి. ఈ గ్రంథమున శాంతిపర్వము లేదు. 1865లో లొంగుబాటుతో, లింకను హత్యతో కథ ముగియును. చివరి పుటలలో గ్రంథకర్త దేశమునకు గలిగిన మార్పులను చెప్పుచున్నాడు. యుద్ధమునకు ముందు 'రాష్ట్రముల కూటమి' యని తన్ను దాను చెప్పుకొనిన దేశము, యుద్ధానంతరము 'జాతి' యని చెప్పుకొన నారంభించెనని ఆయన చూపుట మనోహరముగా నున్నది. పిమ్మట నొక చిన్న వృత్తాంతము: దక్షిణ ఖైదీలకు కాపలా కాయుచున్న నల్లసిపాయి యొకడు వారిలో తన పూర్వపు యజమానిని గుర్తుపట్టి, కంచెలో నడుగున నుండిన కఱ్ఱ యీసారి పైకి వచ్చినదని పలుకరించెనట. ఈ క్రొత్త యమరిక నిలుచునా యని ప్రశ్నించి, ఉత్తరమును గ్రంథమాలలోని తరువాతి సంపుటమునకు విడిచి గ్రంథకర్త సెలవు తీసికొనుచున్నాడు.

ఆ తరువాతి సంపుటము, రిచర్డు వైట్ వ్రాసినది, 2017లో వెలువడెను, అనగా ఇరువదితొమ్మిదేండ్లకు! గ్రంథమాలకు హద్దులుండుట సహజము. ఆ హద్దులు మెక్‌ఫర్సను గీచినవి గావు. కాని ఈ సంపుటమును మాత్రమే చదివి మూసివేసిన లక్షలకొలది చదువరులకు యుద్ధము గెలువబడినది, దాస్యము తొలగినది, జాతి యేర్పడినది యను తృప్తియే మిగులును. వారి కటుపై జరిగిన సంగతులు వినబడవు: 1865లోనే దక్షిణ రాష్ట్రములు నల్లవారి పనిని, తిరుగుటను బంధించు శాసనములు చేయుట, 1868, 1870లలో పౌరత్వమును ఓటును ఇచ్చు సవరణలు వచ్చుట, 1877 తరువాత నవి యాచరణమున చచ్చుబడుట, 1896లో ఉన్నతన్యాయస్థానము రైలుబండ్లలో నల్లవారిని వేఱుచేయుట న్యాయమేయని తీర్పు చెప్పుట, ఓటు హక్కునకు మఱల నిజమైన రక్షణ 1965లో గాని లభింపకుండుట. కంచెలోని కఱ్ఱ తిరిగి యడుగునకు త్రోయబడెను; దానిని మఱల పైకెత్తుటకు నూఱేండ్లు పట్టెను.

ఇందు మా ప్రధానాక్షేపము శాంతి కథ నిచ్చట చెప్పలేదని గాదు. తన సిద్ధాంతమును శాంతికి వర్తింపజేసి చదువరిని హెచ్చరింపలేదని. యుద్ధమున నేదియు ముందే నిర్ణయింపబడలేదని ఎనిమిదివందల పుటలలో నిరూపించినవాడు, శాంతియు నట్లే రెండు దారుల నడుమ నిలిచి యుండెనని గట్టిగా చెప్పదగినవాడు. ఒక్క వృత్తాంతము, ఒక్క ప్రశ్న యందుకు చాలవు. గెలుపు గెలువబడిన దినముననే భద్రము గాదు. శాసనము పుస్తకమున చేరినంతమాత్రమున సంఘమున చేరదు. ఈ సంగతి సంస్కరణమున పాల్గొన్న ప్రతి కుటుంబమునకును అనుభవైకవేద్యము.

ఇన్ని చెప్పినను, ఈ గ్రంథముయొక్క గౌరవమునకు భంగము లేదు. వాక్యము సరళము, వృత్తాంతములు సజీవములు, దక్షిణ సైనికుల ధైర్యమును తక్కువచేయకయే వారి పక్షముయొక్క యన్యాయమును తేటపఱచు ధర్మబుద్ధి యరుదైనది. వంట, పని, పిల్లల చదువు నడుమ తీరిక చేసికొని చదువువారు కూడ, ప్రతిదినము పది పుటల చొప్పున చదివినచో మూడు నెలలలో పూర్తిచేయగలరు. కథ వారిని విడువదు. ఎనిమిది సంపుటముల గ్రంథమునకు మనలో నెంతమంది పూనుకొందురు? ఒక్క సంపుటమను నియమమే దీనిని గ్రంథాలయమునుండి గృహమునకు తెచ్చినది.

మా సలహా యొక్కటే. దీనిని చదివినవారు వెంటనే ఎరిక్ ఫోనరు వ్రాసిన 'రీకన్‌స్ట్రక్షన్' అను గ్రంథమును చదువవలెను. అదియు 1988లోనే వెలువడుట యొక సుకృతము. అది యుద్ధానంతరపు పునర్నిర్మాణ చరిత్ర. తన పేరులోనే దానిని ముగియని విప్లవమని చెప్పుకొన్నది. ఒకటి గెలుపు ఎట్లు సాధ్యమయ్యెనో చెప్పును. రెండవది ఆ గెలుపు ఎట్లు చేయిజాఱెనో చెప్పును. స్వాతంత్ర్యోత్సవములలో ఉపన్యసించువారికి మొదటిది చాలవచ్చును. ఉత్సవము ముగిసిన మఱునాడు పని యుండువారు రెంటిని జతగా చదువుదురు గాక! ఇట్టి గ్రంథములు రెండును చక్కని తెనుగున, మన గృహములలో చదువ వీలగు వెలకు, వచ్చినచో మేము మిక్కిలి సంతసింతుము.